కుడివైపు ఐదు మెలికలు

ఉదయం తొమ్మిదీ పదికి, కొండదారి మూడో మలుపులో, ఆ నల్లకారు డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది.

ఆయిల్ లైటు! డ్రైవరు గుండె గుభేలుమంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ లైటు అతని ఎదుట ఒక్కసారి కూడా వెలగలేదు. ఆపుదామంటే ఆ దారిలో ఎక్కడా ఆగకూడదని ఆర్డరు. వెనక సీట్లో డిపార్టుమెంటు కోడ్ ఆఫీసరు, ఆయన ఒళ్ళో కోడ్ పుస్తకం.

"సార్, కిందికి వంగి కూర్చోండి," అన్నాడు డ్రైవరు.

ఇంజను దడదడలాడింది, కీచుమంది, పట్టేసింది. ఎత్తెక్కుతున్న కారు ఉన్నచోటే ఆగిపోయింది. వెనక నుంచి ఒక మోటార్ సైకిల్ తీరిగ్గా వచ్చింది. నాలుగు గుళ్ళు, రెండు ప్రాణాలు, ఒక పుస్తకం. వచ్చినంత తీరిగ్గానే వెళ్ళిపోయింది.

పదకొండో రోజున ఎంక్వైరీ రిపోర్టు వచ్చింది. నిండా అరపేజీ లేదు. "ముందురోజు డ్రైవరు స్వయంగా ఇంజను ఆయిల్ మార్చాడు. డ్రెయిన్ వాల్వు సరిగ్గా మూయడం మరిచిపోయాడు. దారి కుదుపులకి అది తెరుచుకుని ఆయిలంతా కారిపోయింది. శత్రువులు అవకాశం వాడుకున్నారు. బాధ్యత: డ్రైవరు మతిమరుపు."

రిపోర్టు చదివిన మనిషి దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, పెద్దాయన టేబుల్ మీద పెట్టాడు.  

డిపార్టుమెంటులో అతన్ని అందరూ స్పానర్ అంటారు. గూఢచారి కాకముందు అక్కడి గ్యారేజీలోనే మెకానిక్. చచ్చిపోయిన డ్రైవరు అతని అన్నయ్య.

"మా అన్నయ్య మరిచిపోయాడా?" అన్నాడు స్పానర్. "మతిమరుపా? సార్, మా వదిన పుట్టినరోజు ఆవిడే మరిచిపోతుంది గానీ ఆయన మరిచిపోడు!"

పెద్దాయన డిపార్టుమెంటు చీఫ్. మాట పెదవి దాటేముందు మూడుసార్లు తూకం వేసుకునే మనిషి. "నాకు రుజువు కావాలి," అన్నాడు. సొరుగులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి ముందుకు తోశాడు. "ఆ కారు వాల్వు. చూడు."

ఈ వాల్వు సంగతి కాస్త చెప్పుకోవాలి. మామూలు బండికి ఆయిల్ మార్చాలంటే అడుగున దూరి, స్పానర్ పెట్టి బోల్టు విప్పి, కాగే నూనె మోచేతి దాకా కారించుకోవాలి. క్విక్ డ్రెయిన్ వాల్వుకి ఆ బాధ లేదు. బోల్టు చోట ఇత్తడి వాల్వొకటి బిగిస్తారు. దానికి వేలంత మీట. ఇంజను కాస్త వెచ్చబెట్టి, వాల్వు మూతికి గొట్టం తగిలించి, మీట పైకెత్తి పక్కకి తిప్పితే నూనె దానంతటదే డబ్బాలోకి దిగుతుంది. వెనక్కి తిప్పి వదిలితే మీట గాడిలో పడి కూర్చుంటుంది. పది నిమిషాల్లో బండి రెడీ. డిపార్టుమెంటు బండ్లన్నిటికీ ఇవే పెట్టించాలని పోరాడింది అన్నయ్యే. "ఒరే, నీ పేరుకే ఎసరు పెట్టే వస్తువొచ్చిందిరా," అని తమ్ముణ్ణి పదేపదే ఏడిపించాడు. ఇప్పుడు ఆ వాల్వే ఆయన పేరుకి ఎసరు పెట్టింది.

స్పానర్ సంచీలోంచి వాల్వు తీసి అరచేతిలో వేసుకున్నాడు. మీట చుట్టూ ఒక రాగితీగ ముక్క మిగిలి ఉంది. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. 

"సార్, ఈ తీగ కట్టింది మా అన్నయ్య కాదు."

"తీగని చూసి చెప్పేస్తావా?"

"ఆయన వాల్వు మూశాక మీటనీ మెడనీ కలిపి రాగితీగతో కట్టేస్తాడు, పొరపాటున తెరుచుకోకుండా. ఆయనది ఎడమచేతివాటం సార్. ఎడమవైపుకి మూడే మెలికలు. నాకు నేర్పిందీ అలాగే. కుడిచేతివాణ్ణయినా నేనూ ఎడమవైపే తిప్పుతాను, తప్పు తిప్పితే నెత్తిన మొట్టేవాడు మరి! ఇది చూడండి. కుడివైపు ఐదు మెలికలు. పైగా మెడకి కట్టనేలేదు, మీటకి ఊరికే చుట్టారు. చూసేవాడికి కట్టినట్టు కనిపించాలి, మీట మాత్రం కదలాలి."

"మీట దానంతటదే ఎలా కదులుతుందయ్యా?"

స్పానర్ వాల్వుని రెండు చేతులతో పట్టి మెలితిప్పాడు. ఎక్కడా అతుకు కనిపించని ఇత్తడి రెండు ముక్కలైంది. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ, బఠాణీ గింజంత మోటారు, వెంట్రుకలాంటి ఏరియల్.

"రిమోటు నొక్కితే కదులుతుంది," అన్నాడు.

పెద్దాయన కళ్ళజోడు తీసేశాడు.  "అయితే ఇది హత్య."

"నాకు మొదట్నుంచీ తెలుసు సార్. మీకిప్పుడు తెలిసింది."

అప్పుడు బ్రీఫింగ్ మొదలైంది. ఆ ఊళ్ళో ఒక విదేశీ ముఠా ఉంది. దాని నాయకుణ్ణి డాక్టర్ అంటారు. పైకి పెద్దపెద్ద కంపెనీలకి ఇంజన్ల కన్సల్టెంట్. స్టెతస్కోపు పెట్టి ఇంజను విని రోగం చెబుతాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ముఠాలోంచి పారిపోయి వచ్చిన ఒక ముసలి గుమాస్తా డిపార్టుమెంటు రక్షణలో ఉన్నాడు. ఎల్లుండి పదకొండు గంటలకి, అదే కొండదారిన, అతన్ని కోర్టుకి తీసుకెళ్ళాలి. అతను నోరు విప్పితే ముఠా వేళ్ళతో సహా బయటపడుతుంది.

"ఆ కారుకీ ఇదే వాల్వు పెడతారు," అన్నాడు పెద్దాయన. "డాక్టర్ చేతిలో రిమోటుతో దొరకాలి. ప్రాణాలతో దొరకాలి. విన్నావా? ప్రాణాలతో."

"విన్నాను సార్," అన్నాడు స్పానర్. సరేనని మాత్రం అనలేదు.

"ముఠాలో మనకో మనిషుంది. విదేశీ కార్ల షోరూమ్ ఓనరు. మెడలో ఎప్పుడూ ముత్యాల దండ. ముత్యాల మేడమ్ అంటారు. కోడ్ వాక్యం: 'ఎర్ర కారుందా?' జవాబు: 'ఎర్రది వెలిసిపోయింది, నల్లది చూడండి.'"

కింద సామాన్ల గదిలో స్టోర్‌కీపరు కొత్త సరుకంతా బల్ల మీద పరిచాడు. పేలే లైటరు, విషం చిమ్మే పెన్ను, మడమలో కత్తి ఉన్న బూటు. స్పానర్ అన్నిటినీ వెనక్కి తోసేసి, గుండీ మైకూ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోనూ తీసుకున్నాడు.

"ఇంకేం వద్దా?" స్టోర్‌కీపరు ముఖం చిన్నబోయింది.

"రాగితీగ. రెండు మూరలు."

"తీగా? దీనికి ఏ ఫారం నింపాలో కూడా నాకు తెలీదండీ!"

మధ్యాహ్నం స్పానర్ అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. వదిన వరండాలో కూర్చుని అన్నయ్య పని చొక్కాలు మడతపెడుతోంది. ఆయిలు మరకలు పోని చొక్కాలు. ఉతికినవే మళ్ళీ ఉతికి, మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. స్పానర్ పక్కన కూలబడి ఉన్నదంతా చెప్పేశాడు, చెప్పకూడని డిపార్టుమెంటు రహస్యమే అయినా.

"వాణ్ణి నా చేతుల్తో చంపుతాను వదినా," అన్నాడు చివర్లో.

వదిన చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. "చంపెయ్. నాకూ అదే కోరిక. కళ్ళు మూసుకుంటే వాడు చావడమే కనిపిస్తోంది." గొంతు సవరించుకుంది. "కానీ నిన్న గ్యారేజీకి ఆయన సామాన్లు తెచ్చుకోడానికి వెళ్ళానా, అక్కడ ఇద్దరు నన్ను చూసి అనుకుంటున్నారు. 'వాల్వు మూయకుండా ఆఫీసర్ని చంపేశాడే, ఆ మనిషి భార్య' అని. వాడు చస్తే ఆ మాట ఎవరు వెనక్కి తీసుకుంటారు? మీ అన్నయ్య మరిచిపోలేదని ఎవరు చెబుతారు?"

స్పానర్ ఆవిడ చేతిలోని చొక్కా తీసుకుని తనూ మడతపెట్టాడు. వంకరగా వచ్చింది. వదిన మళ్ళీ విప్పింది.

*

షోరూమ్ అంతా అద్దాలు. నేల మీద ముఖం చూసుకోవచ్చు. ముత్యాల మేడమ్ మెట్లు దిగి వస్తోంటే సేల్స్ కుర్రాళ్ళు చేస్తున్న పని ఆపేశారు. నల్ల చీర, మెడలో మూడు పేటల ముత్యాలు, నడకలో తొందరన్నది లేదు.

"ఎర్ర కారుందా?" అన్నాడు స్పానర్.

"ఎర్రది వెలిసిపోయింది. నల్లది చూడండి." కళ్ళతోనే పైఅంతస్తు అద్దాల గది చూపించింది.

గది తలుపు మూసుకోగానే స్పానర్ జేబులోంచి వాల్వు తీసి టేబుల్ మీద ఠక్కున పెట్టాడు. మేడమ్ దాన్ని చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. ఆ ముక్కూ ఆ గడ్డమూ ఎక్కడ చూసిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చెయ్యి మెల్లగా ముత్యాల మీదికి వెళ్ళింది.

"మీరు ఆ డ్రైవరు..."

"తమ్ముణ్ణి. ఆ రోజు కొండెక్కేముందు, ఆఫీసరు కోసం ఆగిన హోటల్ పార్కింగులో ఆయన కారు వదిలి కదిలాడు, వాచ్‌మన్ చూశాడు. ఎందుకు కదిలాడు?"

"నాకు తెలీదు."

"మేడమ్, నాకు ఓపిక లేదు."

ఆమె కుర్చీలో కూర్చుంది. "నేనే పిలిచాను. నా బండి స్టార్టవట్లేదన్నాను. బండికి బాగాలేదంటే ఆయన కాదనలేరట, డాక్టర్ ముందే కనుక్కున్నాడు. పది నిమిషాలు ఆపమన్నాడు. కోడ్ పుస్తకానికి ఫొటోలు తీసుకుంటారనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను! ముఠాకి నా మీద నమ్మకం కుదరాలంటే చిన్నచిన్న పనులు చేసిపెట్టాలి, మీ పెద్దాయనకీ తెలుసు. మీ అన్నయ్య బానెట్ ఎత్తి, ఊడిన వైరు చూసి నవ్వారు. 'ఇంతేనమ్మా, భయపడకు' అన్నారు. నన్ను అమ్మా అన్నారు."

 పది నిమిషాలు! ఆ పది నిమిషాల్లో ఇంకొకడు కారు కిందికి దూరి, మీట తిప్పి శుభ్రమైన డబ్బాలోకి నూనె దింపి, వాల్వు మార్చి, అదే నూనె మళ్ళీ పోశాడు. అన్నయ్య డిపార్టుమెంటంతటికీ నేర్పిన పది నిమిషాల పనితోనే అన్నయ్యని చంపారు. స్పానర్ చెయ్యి టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్ మీదికి పోయింది. మేడమ్ చూసింది, కానీ కుర్చీలోంచి కదల్లేదు.

"కొట్టండి," అంది. "తర్వాత వినండి. ఎల్లుండి వెళ్ళే కారుకి నిన్ననే పెట్టేశారు."

"ఎప్పుడు? ఎక్కడ?"

"ఇక్కడే. అద్దం మార్చమని మీవాళ్ళే కారుని నా షెడ్డుకి పంపారుగా!"

డిపార్టుమెంటు తెలివితేటల మీద స్పానర్‌కి వచ్చిన మాట అచ్చువేయదగింది కాదు.

"ఈసారి కారు బుల్లెట్‌ప్రూఫ్," అంది మేడమ్. "తుపాకులు పనిచెయ్యవు. మూడో మలుపు పైన ఎత్తులో, సిమెంటు బస్తాల లారీ ఒకటి కిందికి మూతి పెట్టి ఆగి ఉంటుంది. మలుపులో నల్లకారు ఏది ఆగిపోతే దాని మీదికి వదిలెయ్యాలి. లారీవాడికి అంతకుమించి ఏమీ తెలీదు. డాక్టర్ తన కారులో వెనకాలే వస్తూ రిమోటు నొక్కుతాడు. అది తాళంచెవి గుత్తికి వేలాడే బిళ్ళ."

"డాక్టర్ కారు ఏ రంగు?"

"నలుపే."

స్పానర్ చాలాసేపు కిందనున్న కార్లకేసి చూశాడు. ఏదో లెక్క కుదిరినట్టు తలాడించాడు. "దానికీ క్విక్ డ్రెయిన్ వాల్వేనా?"

"ఆయన బండికి అది లేకుండా ఉంటుందా? రోజూ తొమ్మిదింటికి ఇక్కడే కడిగిస్తాడు. పైన నాతో కాఫీ తాగుతాడు. కాఫీ అయ్యాక కిందికొచ్చి, తనే వంగి కారు అడుగు చూసుకుని గానీ ఎక్కడు. ఎవర్నీ నమ్మడు."

"మా అన్నయ్యని పది నిమిషాలు ఆపావు," అన్నాడు స్పానర్. మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగాడో అతనికే తెలీదు. "ఎల్లుండి వాణ్ణి పది నిమిషాలు ఆపు."

మేడమ్ తలూపింది. ఆ తలూపడంలో గ్లామరేమీ లేదు.

*

అనుకున్న రోజు పొద్దున్నే, డిపార్టుమెంటు గ్యారేజీలో స్పానర్ బుల్లెట్‌ప్రూఫ్ కారు కింద దూరాడు. వాల్వు మీద రాగితీగ ఉంది. కుడివైపు ఐదు మెలికలు. ఆ దొంగ వాల్వుని విప్పి జేబులో వేసుకున్నాడు. దాని చోట మంచి వాల్వు బిగించి, అన్నయ్య పద్ధతిలో ఎడమవైపు మూడు మెలికలు తిప్పాడు. సాక్షి గుమాస్తాని అప్పటికే పెద్దాయన రొట్టెల వ్యానులో ఇంకో దారిన పంపేశాడు. కారు వెనక సీట్లో కోటూ టోపీ తొడిగిన దిండ్లున్నాయి.

తొమ్మిదింటికి షోరూమ్ వెనక షెడ్డులో కొత్త క్లీనరొకడు బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. వారం గడ్డం, మెల్లకన్ను, ఎడమకాలు కుంటి. డాక్టర్ కారు దిగాడు. తెల్ల సూటు, చల్లని నవ్వు. క్లీనరుకేసి చూడనైనా చూడకుండా మెట్లెక్కాడు. అన్నయ్యని చంపినవాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్నుంచి నడిచి వెళ్ళాడు. స్పానర్ బకెట్టు పిడిని నలిపేశాడు గానీ కదల్లేదు.

ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది. కిందికి దూరాడు. ఈ వాల్వుకీ కుడివైపు ఐదు మెలికలే; తీగ విప్పి, గొట్టం తగిలించి మీట తిప్పాడు. నూనె డబ్బాలోకి జర్రున దిగింది. రెండు, మూడు, నాలుగో నిమిషం. వాల్వు విప్పి దొంగ వాల్వు బిగించాడు. ఆరో నిమిషం. పైకొచ్చి అదే నూనె తిరిగి పోశాడు. ఎనిమిది. మళ్ళీ కిందికి దూరి, మీట చుట్టూ తీగ చుట్టాడు, తిప్పాడు, చివర లోపలికి మడిచాడు.

పైన కుర్చీ జరిగిన చప్పుడు. మెట్ల మీద బూట్లు.

అప్పుడు చూసుకున్నాడు. తీగ ఎడమవైపు తిరిగి ఉంది. మూడు మెలికలు!

 ఛీ! ఏళ్ళ తరబడి అలవాటు, మనసు ఒకటి చెబితే వేళ్ళు ఇంకోటి చేశాయి. అన్నయ్య మొట్టికాయలు పెట్టి నేర్పిన పని ఇంత తేలిగ్గా పోతుందా? డాక్టర్ వంగి చూశాడంటే అంతా గంగలో కలిసినట్టే.

"ఒక్క నిమిషం!" పైనుంచి మేడమ్ గొంతు. "నా దండ తెగింది. అయ్యో, ముత్యాలన్నీ..."

మెట్ల మీద ముత్యాలు టపటపా దొర్లాయి. బూట్లు ఆగాయి. స్పానర్ పాత తీగ పీకేసి కొత్తది చుట్టాడు. కుడివైపు. ఒకటి. వేళ్ళు మొరాయిస్తున్నాయి. రెండు, మూడు. "క్షమించు అన్నయ్యా," అనుకున్నాడు. నాలుగు, ఐదు.

బయటికి దొర్లి బకెట్టు అందుకునేసరికి డాక్టర్ వచ్చేశాడు. చేతిలో నాలుగు ముత్యాలు, ముఖంలో విసుగు. వంగి, చిన్న టార్చి వేసి అడుగున చూశాడు. స్పానర్ బకెట్టులో గుడ్డ ముంచి పిండాడు. తన కారుకి ఎప్పుడూ ఉండే తీగే, ఎప్పటి మెలికలే. డాక్టర్ తృప్తిగా లేచి, క్లీనరు చేతిలో ఒక ముత్యం పెట్టాడు.

"ఉంచుకో," అన్నాడు.

"చల్లగా ఉండండయ్యా," అన్నాడు స్పానర్.

*

పదకొండింటికి బుల్లెట్‌ప్రూఫ్ కారు కొండెక్కుతోంది. స్టీరింగు దగ్గర స్పానర్, అంటించుకున్న గడ్డం తీసేసి. వెనకద్దంలో రెండొందల గజాల దూరాన డాక్టర్ నల్లకారు. ఇయర్‌ఫోనులో పెద్దాయన గొంతు: "కొండ పైనా కిందా మనవాళ్ళున్నారు. వాడు బిళ్ళ నొక్కగానే సిగ్నల్ మనకి దొరుకుతుంది. లారీ సంగతేంటి? నువ్వేదో లారీ ఉందన్నావు?"

"చిన్న లారీ సార్," అన్నాడు స్పానర్. అది ఎక్కడుందో, ఏ కారు ఆగితే కదులుతుందో పెద్దాయనకి చెప్పలేదు. చెబితే ఆపేస్తాడు. రెండు రోజులుగా అతనికి తిండి సయించలేదు, ఈ ఒక్క దృశ్యం తలుచుకునే బతికాడు. వాడు వాడి చేత్తోనే బిళ్ళ నొక్కాలి, వాడి లారీయే వాడి మీదికి రావాలి.

రెండో మలుపు దాటాడు. ఇయర్‌ఫోనులో టిక్‌మని సిగ్నల్. "నొక్కాడు!" అన్నాడు పెద్దాయన.

స్పానర్ డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు. కారు హాయిగా ఎక్కుతోంది. వెనకద్దంలో మాత్రం, డాక్టర్ కారు వెనక రోడ్డు మీద నల్లటి చార ఒకటి సాగుతోంది. చార సన్నబడింది. కారు జెర్కులిచ్చింది. సరిగ్గా మూడో మలుపులో, పదమూడు రోజుల కిందట అన్నయ్య ఆగినచోటే, కీచుమని ఆగిపోయింది.

స్పానర్ మలుపు దాటి ముప్ఫై గజాల మీద కారుని రోడ్డు వారకి తీసి ఆపి దిగాడు. పైన ఎత్తులో లారీవాడు కిందికి తొంగిచూశాడు. ఆగిన నల్లకారు కనిపించింది. ఏది ఆగితే అదే అని కదా ఆర్డరు! చక్రం కింది అడ్డురాయి తన్నేసి పొదల్లోకి పరిగెత్తాడు. సిమెంటు బస్తాల లారీ ఇంజను చప్పుడు లేకుండా, మెల్లగా, కిందికి కదిలింది.

డాక్టర్ కారులో వంగి తాళం తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు. అంత ఇంజన్ల నిపుణుడికి తన ఇంజను ఎందుకు చచ్చిందో అర్థం కావట్లేదు. తలెత్తి ఎదురుగా చూడట్లేదు.

స్పానర్ రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. ఆహా, ఎంత తీయగా ఉంది! చావరా, అనుకున్నాడు. పళ్ళు బిగించి, పిడికిళ్ళు బిగించి, ఒళ్ళంతా ఆ ఒక్క మాటే అయిపోయి. చావు!

లారీ అతన్ని దాటింది. గాలికి చొక్కా రెపరెపలాడింది. చొక్కా. వంకరగా మడతపెట్టిన చొక్కా. మీ అన్నయ్య మరిచిపోలేదని ఎవరు చెబుతారు?

"థూ!" అని స్పానర్ లారీని మించి పరిగెత్తాడు. అంత ఇష్టం లేని పని జన్మలో చేసి ఉండడు. పల్లంలో లారీ ఇంకా ఊపందుకోలేదు, అదొక్కటే అదృష్టం. కారు తలుపు లాగి, టై పట్టుకుని, డాక్టర్‌ని గోతాంలా బయటికి ఈడ్చాడు. ఇద్దరూ రోడ్డు వార కాలువలో పడ్డారు. ఆ వెంటనే లారీ కారుని గుద్ది, రాతిగోడ దాకా నెట్టుకుపోయి, బస్తాలు పగిలి, తెల్లటి దుమ్ము మలుపంతా కమ్మేసింది.

 డాక్టర్ తెల్ల సూటు కాలువ బురదలో ఒక రంగుకి వచ్చింది. చేతిలో బిళ్ళ ఇంకా అలాగే ఉంది. "నా లారీ," అన్నాడు నమ్మలేనట్టు. "నా మీదికి?"

స్పానర్‌కి ఆ మాట చెవిలో పడింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. పొగలు కక్కుతున్న కారు కిందికి దూరి, జేబురుమాలు చేతికి చుట్టుకుని, వాల్వు విప్పి తెచ్చి డాక్టర్ ముందు పెట్టాడు.

"నీ బండిదే. తెరుచుకుంది. తీగ చూసుకో."

డాక్టర్ చూశాడు. కుడివైపు ఐదు మెలికలు. తన ముఠా మనుషులు తప్ప అలా ఎవరూ తిప్పరు, ఆ వాల్వు ముఠా దగ్గర తప్ప ఎక్కడా లేదు. అతని ముఖంలోంచి రక్తం దిగిపోయింది, తర్వాత రెట్టింపై తిరిగొచ్చింది.

"నన్నా?" అన్నాడు. "నన్ను తీసెయ్యాలని చూశారా? పదిహేనేళ్ళు చాకిరీ చేశానే! కాయితం తెండి. అందరి పేర్లూ రాసిస్తాను. ఒక్కణ్ణీ వదలను!"

"ముందు ఒక డ్రైవరు సంగతి రాయి," అన్నాడు స్పానర్. "ఎక్కడ, ఎప్పుడు, ఏ వాల్వు, ఎవరి చెయ్యి. అన్నీ. అది అయ్యాకే మిగతావి."

డాక్టర్ రాశాడు. పగతో రాసేవాడి రాత ఎంత స్పష్టంగా ఉంటుందో స్పానర్ అప్పుడే చూశాడు. సాయంత్రానికి ముఠాలో తొమ్మిది మంది దొరికారు. కోడ్ పుస్తకం దొరికింది. మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరూ దొరికారు. ముత్యాల మేడమ్ ఎవరూ పిలవకుండానే డిపార్టుమెంటుకి వచ్చి, ఖాళీ మెడతో పెద్దాయన ఎదుట కూర్చుని, పార్కింగులో పది నిమిషాల సంగతి చెప్పి సంతకం పెట్టింది. ఆమెని ఏం చెయ్యాలో కోర్టు తేలుస్తుంది. స్పానర్ ఆమెని క్షమించలేదు. ఆ ముత్యం మాత్రం పారెయ్యలేకపోయాడు.

మర్నాడు పెద్దాయన స్వయంగా గ్యారేజీకి వెళ్ళి, మెకానిక్కులనీ డ్రైవర్లనీ నిలబెట్టి, కొత్త రిపోర్టు గట్టిగా చదివాడు. "డ్రైవరు దేన్నీ మరిచిపోలేదు" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. వదిన ముందు వరసలో నిలబడింది. 'ఆ మనిషి భార్య' అన్న ఆ ఇద్దరూ తల దించుకున్నారు. ఆవిడ వాళ్ళకేసి చూసి, పద్నాలుగు రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో కళ్ళు తుడుచుకుని అడిగింది. "వాడు అంత తేలిగ్గా ఎందుకు చెప్పేశాడు? కొట్టారా?"

"వేలు కూడా తగల్లేదు వదినా. తనవాళ్ళే తన బండికి ఆ వాల్వు పెట్టారనుకున్నాడు. ఇప్పటికీ జైల్లో కూర్చుని వాళ్ళనే తిడుతున్నాడు."

"అదేమిటి? పెట్టింది నువ్వని నువ్వు చెప్పలేదూ?"

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు స్పానర్ గేరు మారుస్తూ. "మరిచిపోయాను. మా ఇంట్లో మతిమరుపు ఉందని పాత రిపోర్టులో రాశారుగా!"